లవంగాల ఎండాంగ్, పీతల ఎండాంగ్

కెబాయా రవికకు పెట్టుకున్న పిన్నీసు ఊపిరి పీల్చినప్పుడల్లా గుచ్చుకుంటోంది, సర్దుకుందామంటే వీల్లేదు, మొదటి వరసలో కూర్చున్నవాళ్లు ముక్కు గోక్కున్నా వేదిక మీది పెద్దలందరికీ కనబడుతుంది, పైగా పక్కనున్న ఖాళీ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోబోయినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టి ‘వస్తారండీ, దారిలో ఉన్నారు’ అని నవ్వుతూ చెప్పడమే ఒక ఉద్యోగం అయిపోయింది ఎండాంగ్‌కు. ఆ కుర్చీలోకి రావలసిన మనిషి పేరు కూడా ఎండాంగే. ఈ పక్క జావాలో ఎండాంగ్ అంటే ఆడపిల్ల, పడమటి కొండల వైపు సుందావాళ్ల దగ్గరికి వెళ్తే అదే పేరు మగపిల్లాడికి పెడతారు, ఇంటిపేర్ల గొడవ ఇద్దరికీ లేదు, పుట్టినప్పుడు పెట్టిన ఒక్క మాటే, చచ్చేదాకా అదే. అతను చిలచాప్ నుంచి రావాలి. అతనెక్కిన రైలు ఇక్కడి స్టేషన్‌కు వచ్చి చాలాసేపయిందని వెనక వరసలోంచి భర్త మార్సుదీ ఫోను చూసి చెప్పాడు, చెప్పి, ఇచ్చిన చిరుతిళ్ల పెట్టె తెరిచి అరిటాకు విప్పి లోపలి లెంపెర్ అన్నం తినేశాడు, తనది అయ్యాక ‘నీది తినవు కదా’ అని ఆమె పెట్టెకోసం చెయ్యి చాపాడు. నలభై ఏళ్లుగా ఈయనంతే, ఇల్లు కాలుతున్నా ముందు అరిటాకు విప్పుతాడు.

వేదిక మీద గామెలాన్ వాద్యం ఆగింది. ఎవరో మైకు తట్టారు. విశ్వవిద్యాలయం పుట్టినరోజు, పతకాలు ఇంకా మొదలు కాలేదు, మొదలయ్యాక మొదట ముప్ఫై ఏళ్లు పనిచేసిన నౌకర్లకు, తర్వాత మంచి టీచర్లకు, చివర్న అత్యధికంగా సైటేషన్లు వచ్చిన శాస్త్రవేత్తకు. సైటేషన్ అంటే మరేం లేదు, ఎక్కడో ఎవరో వ్యాసం రాసుకుంటూ ఫలానావాళ్లు ఈ పని మాకంటే ముందు చేశారని పేరుపెట్టి చెప్పడం, అలా చెప్పినవన్నీ ఒక యంత్రం కూడి పెడుతుంది. ఆ యంత్రం లెక్కలో ఎండాంగ్‌కు ఏడువందల పైచిలుకు. రసాయనశాస్త్రం, జీవశాస్త్రం, రెండింటిలోనూ దిట్ట అని పక్కన రాసి ఉంటుంది. తన పేజీలో తన ఫొటో, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, కింద లవంగాకు నూనె గురించి నాలుగు వ్యాసాలు, ఆ తర్వాత పీతలు, పీతలు, పీతలు, ఉప్పునీటి మడ అడవుల బురదలో పీతలు తవ్వే బొక్కలు, వాటి లోతు, వెడల్పు, బొక్కల్ని బట్టి నేల ఆరోగ్యం చెప్పే పద్ధతి. ఆమె జన్మలో పీతను వండిందే కానీ కొలవలేదు. పత్రికలవాళ్లకు రెండు పేర్లు లేకపోతే గడవదు, ఒక్క మాటే పేరంటే నమ్మరు, అందుకని ఆమె ‘ఎండాంగ్ ఎండాంగ్’ అని రాసింది, అక్కడ చిలచాప్‌లో అతనూ అదే రాశాడు, యంత్రం ఇద్దరినీ కలిపి ఒక్క మనిషిని చేసేసింది. పిన్నీసు మళ్లీ గుచ్చుకుంది.

చెప్పలేదని ఎవరూ అనలేరు. మొదటిసారి డీన్ పాక్ విర్యావన్ గదిలోనే చెప్పింది, ఆయన కేకు కోయించి ఆఫీసంతా పిలిచి, మన బు ఎండాంగ్, ఎండాంగ్ అమ్మగారి పేరు ప్రపంచమంతా మోగుతోందని మొదలుపెట్టగానే, ‘అవి నావి కావండీ’ అంది. డీన్ కళ్లు చెమర్చాయి. ‘చూశారా, చూసి నేర్చుకోండి’ అని చిన్న లెక్చరర్ల వైపు తిరిగాడు. ‘పెద్దవాళ్లంటే ఇలా ఉండాలి.’ రెండోసారి విభాగం మీటింగులో చెప్పింది, అందరూ తలలు వంచి ఆమె వినయానికి మౌనంగా దండం పెట్టినంత పనిచేశారు. మూడోసారి రెక్టర్ గారి ఇంట్లో, ఆయన భార్య పోసిన టీ ముందు కూర్చుని, నిజంగా కాదండీ, ఆయన చిలచాప్ ఆయన, పీతల ఆయన, అని చెప్తుంటే రెక్టర్ నవ్వి, ‘మూడోసారి కూడా కాదన్నారు, ఇక మేం ఇవ్వాల్సిందే’ అన్నాడు. ఈ ఊళ్లో ఎవరింటికి వెళ్లినా టీ తాగమంటే ఒద్దంటాం, మళ్లీ అంటే మళ్లీ ఒద్దంటాం, మూడోసారికి కప్పు అందుకుంటాం, వద్దు అన్నదాన్ని వద్దుగా విన్నవాడు మర్యాద తెలియనివాడు. మర్యాద తెలిసినవాళ్ల మధ్య నిజం చెప్పడం ఎంత కష్టమో ఆమెకు అరవై దాటాక తెలిసింది. ఆ యంత్రం నడిపేవాళ్లకూ తను రాసింది, మీ సందేశం అందింది అని యంత్రమే జవాబు ఇచ్చింది. ఆఫీసులో కుర్రాడిని అడిగితే, ‘బు, అవి తీసేస్తే మన యూనివర్సిటీ ర్యాంకు పడిపోతుంది, నా ఉద్యోగం మీరిప్పిస్తారా’ అన్నాడు.

అందుకే అతన్ని పిలిచింది. మనిషే కళ్లముందు నిలబడితే ఎలా కాదంటారు, వేదిక ఎక్కి చెయ్యి పట్టుకుని ఇదిగో ఈయనండీ అంటే చాలు. అతను రాకపోతే ఈ పూట కూడా ఆమె మాట గాల్లో కలిసిపోతుంది, అతని ముప్ఫై ఏళ్ల బురద ఆమె మెళ్లో పతకమై వేలాడుతుంది, వచ్చేనెలలో అతను ఆ చిన్న కాలేజీ నుంచి రిటైరవుతాడు, ఒక శాలువా కప్పి, అందరూ కలిసి అన్నం తిని, అంతే. తలుపు వైపు చూసింది. తలుపు దగ్గర పూలు పట్టుకున్న అమ్మాయిలు, ఎవరో పొడుగాటి మనిషి, కాదు, అతను పొట్టి, ఫొటోలో మోకాళ్లదాకా బురదలో ఉన్నాడు, మోకాళ్లు కనబడకపోతే మనిషి ఎత్తెంతో ఎలా తెలుస్తుంది.

ఆరేళ్లయింది అతని రాతలు చదవడం మొదలై. మొదట కోపంతోనే చదివింది, నా పేరు పెట్టుకుని ఈ పీతలోడెవడ్రా అని, ఒక పేజీ చదివాక టీ చల్లారిపోయింది. అంత శుభ్రంగా రాసేవాళ్లు ఎవరున్నారు, ఒక్క మాట ఎక్కువుండదు, మగపీత తన పెద్ద కొండి ఊపి ఆడపీతను పిలిచే చోట కూడా లెక్కలే రాశాడు కానీ ఆ లెక్కల వెనక ఎండలో మోకాళ్ల మీద కూర్చుని నవ్వుకున్న మనిషి కనబడతాడు. ఒక పీతకు వెనక కాలు లేదు, దాన్ని మూడు వానాకాలాలు వెంటపడి చూశాడు, పట్టికలో అడుగున చిన్న అక్షరాల్లో, ‘ఈ పీత తర్వాత కనబడలేదు’ అని రాశాడు. ఆ మాట దగ్గర ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. పీతకోసం ఏడ్చిన రసాయన ప్రొఫెసర్ని నేనొక్కదాన్నే అనుకుంది, అనుకుని మార్సుదీకి చదివి వినిపించింది. ఆయన పూర్తిగా విని, ‘బూనే, నీ రెండో మొగుడు బాగానే రాస్తున్నాడు, ఒకసారి భోజనానికి పిలు, పీతలు మాత్రం వండకు’ అన్నాడు. బూనే అంటే పిల్లల తల్లి అని, పెళ్లయిన ఏడాదికి మొదలుపెట్టిన పిలుపు, పిల్లలు వెళ్లిపోయినా పిలుపు మిగిలింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో అతని పేరు పీతల ఎండాంగ్, ఆమె పేరు లవంగాల ఎండాంగ్. ఫోన్లో మార్సుదీ మొదటిసారి అతనితో మాట్లాడి, ‘మీ ఆవిడ పేరేమిటి కాంగ్’ అని అడిగాడు, అతను నవ్వి, ‘నయం, ఎండాంగ్ కాదు లెండి’ అన్నాడు. సుందా వైపు అన్నయ్యను కాంగ్ అంటారు, ఆమె కూడా అలాగే పిలుస్తుంది, అతను ఆమెను తెతెహ్, అక్కా, అంటాడు, ఎవరు పెద్దో ఇద్దరూ ఇంతవరకు అడగలేదు.

మొదటి బహుమతి. తోటమాలి, ఏనాడో చేరినవాడు, వేదిక మెట్లెక్కుతుంటే అందరికంటే గట్టిగా ఆమే చప్పట్లు కొట్టింది, పిన్నీసు సంగతి మర్చిపోయి. హాల్లో ఎవరి దగ్గర్నుంచో సాంబ్రాణి, ఎవరి దగ్గర్నుంచో మల్లెపూలు, తన దగ్గర్నుంచి మాత్రం ఎంత ఉతికినా లవంగం, బట్టల బీరువాలో కూడా అదే వాసన. పెళ్లి కొత్తలో మార్సుదీ, పక్కన పడుకుంటే పన్ను నొప్పి గుర్తొస్తోందే అనేవాడు. మెనోరే కొండల్లో ఆడవాళ్లు తెల్లారేసరికి రాలిన ఆకు ఏరి గోతాల్లో కుక్కుతారు, ఆకు చెట్టు మీద ఉండగా కోయకూడదు, రాలిందే కావాలి, డ్రమ్ములో వేసి ఆవిరి పడితే నల్లటి నూనె దిగుతుంది, ఇనుప డ్రమ్ము తుప్పు కలిసిన నలుపు, దాన్ని అడ్డం పెట్టుకుని బేరగాళ్లు సగం ధరకు కొంటారు. అది తెల్లబడేదాకా ఆమె కుదురుగా కూర్చోలేదు. మందులూ పెద్ద యంత్రాలూ అక్కర్లేకుండా, కొండమీద దొరికే పులుపుతో, నిమ్మకాయంత సులువుగా తుప్పును పట్టి లాగేసే దారి కనిపెట్టడానికి మూడేళ్లు పట్టింది, అది రాసి అచ్చేయించడానికి ఇంకో రెండేళ్లు. బేరగాళ్లు ఏమీ మారలేదు, తెల్లనూనెకు కొత్త వంకలు వెతికారు. ఆ వ్యాసం పేరెత్తి చెప్పినవాళ్లు ముప్ఫైకి అటూ ఇటూ, వాళ్లలో సగం మంది ఆమె శిష్యులు, ఇంకొందరు శిష్యుల శిష్యులు, మిగిలినవి తనే తన తర్వాతి వ్యాసాల్లో చెప్పుకున్నవి. ఈ లెక్క ఎప్పుడూ పైకి అనలేదు. పీతల ఎండాంగ్ వచ్చి తనవి తను తీసుకుపోతే పేజీలో మిగిలేది ఆ ముప్ఫై. రేపటినుంచి లిఫ్టులో డీన్ తలుపు పట్టుకుని నిలబడడు. అది పోతే పోనీ, దానికి ఏడవదు. కానీ ఒక మనిషి బతుకంతా నూనె కాచి, ఆ నూనె ఎవరికి చేరిందో తెలియకుండా రిటైరయిపోవడం, అది మాత్రం తెల్లవారుజామున మెలకువ వస్తే గుండెమీద కూర్చుంటుంది. అతని పీతలు నలభై దేశాలు తిరిగొచ్చాయి. నా నూనె మెనోరే కొండ దిగిందా అసలు.

అసూయ లేదా అంటే ఉంది, ఎందుకు ఉండదు, కానీ అది సొంత తమ్ముడి మీద ఉండే అసూయలాంటిది, ఎవరైనా అతన్ని ఒక మాట అంటే ముందు తనే లేస్తుంది. ఒకసారి ఎవరో హాలండ్ ఆయన ఆ బొక్కల లెక్క తప్పని రాస్తే రెండు రోజులు అన్నం సయించలేదు, తనను అన్నట్టే అనిపించింది, పేజీ తనదే కదా మరి. మంచి టీచర్ల వంతు వచ్చింది. ఇద్దరే ఉన్నారు. ఒకాయన మెట్లమీద ఫొటోకోసం ఆగాడు, ఆగనీ, ఇంకాసేపు ఆగనీ, కుటుంబం అంతటినీ పిలిచి తీయించుకోనీ. ఖాళీ కుర్చీ మీద చెయ్యి వేసింది. చెయ్యి కింద ఏదో మెత్తగా తగిలింది, సంచి, ఆ సంచిని ఒళ్లోకి తీసుకుంటూ ఒక మనిషి కూర్చున్నాడు, బాతిక్ చొక్కా వీపున చెమటతో అంటుకుపోయి, చెప్పుల అంచున ఎండిన బురద ఇంకా ఉండగానే.

“రైలు దిగి ఇంకో యూనివర్సిటీకి వెళ్లాను తెతెహ్,” అన్నాడు గుసగుసగా. “అక్కడ కూడా ఎవరో బు ఎండాంగ్ ఉన్నారు. ఆవిడ గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. రెండుసార్లు ఒద్దన్నాను, మూడోసారి తాగక తప్పలేదు.”

నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది, ఏడుపు కూడా అదే దారిలో ఉంది కాబట్టి. నిజంగానే పొట్టి మనిషి. వెనకనుంచి మార్సుదీ వంగి, “వచ్చారా కాంగ్, ఆకలేస్తోందా, లెంపెర్ ఉండేది” అన్నాడు.

“నా పేరు పిలవగానే మీరు నాతో పైకి రావాలి,” అంది ఆమె. “అక్కడ నిలబెట్టి చెప్తాను. ఈసారి నమ్మి తీరాలి.”

“నేను ఎక్కను తెతెహ్. నేను వచ్చింది దానికి కాదు. మీకో మాట చెప్పాలి, ఫోన్లో చెప్పే మాట కాదని ఆగాను, ఆగి ఆగి ఆరేళ్లయింది.” సంచి పట్టీ వేలికి చుట్టుకున్నాడు. “ముప్ఫై ఏళ్ల కిందట నా కాలేజీలో ఒకాయన ఏడిపించేవాడు, పీతలోడివి లవంగాలోడివి ఎప్పుడయ్యావురా అని. మీ వ్యాసం చూసి. పేరు నాదే కదా అని చదివాను. అప్పుడు నా పీతలన్నీ చచ్చిపోతున్నాయి. పట్టుకుని కొలుద్దామంటే గింజుకుని కాళ్లు ఊడగొట్టుకుంటాయి. బజారు లవంగ నూనె నీళ్లలో కలిపి మత్తిస్తే పడుకునేవి, లేచేవి కావు. నూనెలో మురికి. మీరు రాసినట్టు పులుపేసి తేటచేశాను. పడుకున్నాయి, కొలిచాను, మంచి నీళ్లలో వేస్తే లేచి నా వేలు కరిచి బొక్కలోకి పోయాయి. ఆ రోజు బురదలో కూర్చుని పిచ్చోడిలా నవ్వాను. మీ నూనె లేకపోతే ఆ పద్ధతీ లేదు, ఆ ఏడువందలూ లేవు.”

శుద్ధి చేసిన లవంగ నూనె. ఆ నాలుగు మాటలు అతని వ్యాసంలో రెండో పేజీలో ఉన్నాయి, ఆమెకు కంఠతా వచ్చు, ఎన్నిసార్లు చదివిందో, చదివిన ప్రతిసారీ, పాపం బజార్లో మంచిది దొరికినట్టుంది అనుకుంది. చెవుల్లో ఏదో హోరు, మైకులో ఎవరిదో ఊరు పేరు, మెనోరే కొండమీద గోతం దించుతున్న ఆడవాళ్లు, డ్రమ్ము మూతి దగ్గర మొదటిసారి నీళ్లలా దిగిన నూనె, దాన్ని సీసాలో పట్టి ఎండకు పెట్టి చూసిన పొద్దు, ఆ సీసాలోంచి ఒక్కో చుక్కా చిలచాప్ బురదలోకి, నిద్రపోతున్న పీత మీదికి, వెనక కాలు లేని ఆ పీత కూడా తన నూనెలోనే పడుకుని లేచిందన్నమాట, మూడు వానాకాలాలు.

“మరి నా పేరు?” అంది. అడుగుతున్నానని తెలిసేలోపే అడిగేసింది.

“రాశాను. పత్రిక ఎడిటర్ కొట్టేశాడు. ఎండాంగ్ రాసిన వ్యాసంలో ఎండాంగ్ పేరేంటి, మీ గొప్ప మీరే చెప్పుకోకండి అన్నాడు. ఆవిడ వేరండీ అని ఒకసారి రాశాను. జవాబు లేదు. రెండోసారి రాయడానికి మొహమాటమేసింది.”

మొహమాటం. ముప్ఫై ఏళ్ల కిందట ఒక మనిషి రెండోసారి అడగడానికి మొహమాటపడ్డాడు, అతని మీద కోపం రావాలి, రాలేదు, అతని స్థానంలో తనుంటే మొదటిసారి కూడా రాసేది కాదు. అతని సంచి మీద చెయ్యి వేసింది. అంతలో మైకులో పేరు, ఒక్క మాటే, హాలంతా ఆమె వైపు తిరిగింది. అతను లేవలేదు, లేవడని తెలుసు. మార్సుదీ వెనకనుంచి భుజం తట్టాడు.

మెట్లు ఎక్కుతుంటే బిగుతు చీరకట్టులో అడుగు చిన్నదే పడుతుంది, అదీ మంచిదే, ఆలోచించుకోవడానికి వీలుంటుంది. వారం రోజులుగా స్నానాల గదిలో వల్లెవేసిన మాట నాలిక చివరే ఉంది, ఇది నాది కాదండీ, పూర్తిగా వేరే మనిషిది. ఎదురుగా రెక్టర్ అప్పుడే నవ్వు సిద్ధంగా పెట్టుకున్నాడు, వినయవంతులకోసం ఉంచుకునే నవ్వు, డీన్ చేతులు చప్పట్లకు సగం దాకా లేచి ఉన్నాయి. ఆ మాట అంటే ఏమవుతుందో తెలుసు. పైగా ఆ మాట ఇప్పుడు పూర్తిగా నిజం కూడా కాదు.

“ఏడువందలకు పైన అని చదివారు,” అంది మైకులో. “అవి కాంగ్ ఎండాంగ్‌వి, చిలచాప్ ఆయన, అదిగో మొదటి వరసలో సంచి పట్టుకుని కూర్చున్నాయన. పీతల పని ఆయనది.” చప్పట్లు మొదలయ్యాయి, ఎప్పటిలాగే మెత్తగా, కళ్లు తడి చేసుకుంటూ. ఆమె ఆగింది. “నా మాట ఇంకా అయిపోలేదండీ. ఆ పనిలో ఒక ముక్క మాత్రం నాది. అచ్చులో నా పేరు లేదు. ఉండాలి. అది నాది, అది మాత్రం నేను ఎవరికీ ఇవ్వను.”

చప్పట్లు ఆగిపోయాయి. డీన్ చేతులు గాల్లోనే ఉండిపోయాయి. ఇది నాది అని ఆ మైకులో అన్న మనిషిని వాళ్లెవరూ ఇంతవరకు చూడలేదు, నాది కాదు అన్నవాళ్లనే చూశారు, అందుకని ఎలా నవ్వాలో తెలియక ఎవరూ నవ్వలేదు. రెక్టర్ చేతిలో కాగితం చూశాడు, మొదటి వరసలో తల వంచుకున్న పొట్టి మనిషిని చూశాడు, ఆమెను చూశాడు. మైకును అరచేత్తో మూశాడు.

“అయితే మా ఇంట్లో మీరు చెప్పింది నిజమేనా, బు?”

“ఆరేళ్లుగా చెప్తున్నాను కదండీ.”

ఆయన పతకం పెట్టె పట్టుకుని తనే మెట్లు దిగాడు. పీతల ఎండాంగ్ లేచి నిలబడి ఒద్దొద్దంటూ చేతులూపాడు, ఒకసారి, రెండుసార్లు, మూడోసారికి పెట్టె అందుకున్నాడు, వెనక వరసలో మార్సుదీ అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టాడు. రెక్టర్ మళ్లీ వేదిక ఎక్కి, మైకును ఆమె వైపు వంచి, “ఆ ఒక్క ముక్క ఏమిటో చెప్పండి” అన్నాడు.

ముప్ఫై ఏళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. హాలంతా ఎదురుచూస్తోంది. ఎండాంగ్ పిన్నీసు తీసి పక్కన పెట్టింది, నిండా ఊపిరి పీల్చుకుంది, రాలిన ఆకు దగ్గర్నుంచి మొదలుపెట్టింది.